కారులో పాట ఎందుకు ఆగింది?

ఓమ్ సూత్రం తెలియని సైన్సు విద్యార్థి మన కాలేజీలో ఉండడు. 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గియోర్గ్ ఓమ్ ప్రకటించిన ఈ సూత్రాన్ని హైస్కూల్లో ఒకసారి, ఇంటర్మీడియట్‌లో ఒకసారి, డిగ్రీలో మరొకసారి చదువుతాం. లెక్క ఇస్తే చేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. కాని కారులో పాట ఆగిపోయినప్పుడు మాత్రం ఆ సూత్రం గుర్తుకు రాదు. నేరుగా షాపుకు వెళతాం. "యాంప్లిఫయర్ పోయింది సార్, కొత్తది వెయ్యాలి" అంటే తలూపి, డబ్బు కట్టి వస్తాం. నాలుగు రోజులకు మళ్ళీ అదే జబ్బు! ఎందుకంటే చాలాసార్లు పోయింది యాంప్లిఫయర్ కాదు. దానిదాకా కరెంటు తెచ్చే వైరో, ఆ వైరు చివర బిగించిన మరమేకో.

పెట్టె ఖరీదైనది, వైరు చవకది. అందుకే మన అనుమానం ఎప్పుడూ పెట్టె మీదికే పోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లూజు కాంటాక్టు అటువంటి దొంగే. కాని ఈ దొంగను పట్టడానికి ఈశ్వరుడు అక్కర్లేదు. కొద్ది వందల రూపాయల మల్టీమీటరు, ఒక టార్చి సెల్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఎలాగో చూద్దాం.

అసలు యాంప్లిఫయర్ ఎందుకు?

కారు బ్యాటరీ ఇచ్చేది పేరుకు 12 వోల్టులు. నిండుగా చార్జి అయి, ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6. ఇంజను నడుస్తూ ఆల్టర్నేటరు తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 దాకా. డాష్‌బోర్డులోని సెట్టు ఇంత ఓల్టేజితోనే స్పీకరును ఆడించాలి. స్పీకరు నిరోధం మామూలుగా 4 ఓములు. ఓల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయని మనకు తెలుసు. 14.4 వర్గాన్ని 4తో భాగించండి. దాదాపు 52 వస్తుంది. సెట్టు అట్టపెట్టె మీద "50 వాట్లు ఇంటు 4" అని గొప్పగా అచ్చువేసే అంకె చాలావరకు ఇదే. కాని అది ఓల్టేజి క్షణమైనా తగ్గకుండా పూర్తిగా అంచులు తాకుతున్నప్పటి లెక్క. అలా వస్తే పాట పాటగా ఉండదు, గరగర అవుతుంది. శుభ్రమైన స్వరంలో లెక్క వేస్తే 26 వాట్లు మించదు. సర్క్యూట్ లోపల పోయే నష్టం తీసేస్తే సుమారు 18, 20 వాట్లు చేతికి వస్తాయి.

అంతకు మించి కావాలంటే విడిగా యాంప్లిఫయర్ పెట్టుకోవాలి. దాని లోపల ఉండే ఒక సర్క్యూట్ 12 వోల్టులను ఎక్కువ ఓల్టేజిగా మార్చుకుంటుంది. అయితే శక్తి ఊరికే పుట్టదు గదా! బయటికి ఎక్కువ వాట్లు పోవాలంటే బ్యాటరీ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగాలి. 300 వాట్లు బయటికిచ్చే యాంప్లిఫయర్ గట్టిగా పాడేటప్పుడు 30 ఆంపియర్లు లాగడం వింతేమీ కాదు. ఇంట్లో మన ఫ్యానూ ట్యూబులైటూ కలిపినా ఒక ఆంపియరు కాదు. కారు వైరింగులోని కష్టాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఓల్టేజి తక్కువ, కరెంటు ఎక్కువ.

రెండు దారులు

లోపం వెతికేముందు దారి తెలియాలి. కారు స్టీరియోలో దారులు రెండు. ఒకటి శక్తి దారి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, అక్కడినుంచి లావు వైరు, యాంప్లిఫయర్, ఎర్త్ వైరు, కారు బాడీ, మళ్ళీ బ్యాటరీ నెగెటివ్. రెండోది సంకేతం దారి. సెట్టు నుంచి సన్నటి ఆర్‌సీఏ తీగలు, యాంప్లిఫయర్, స్పీకరు వైర్లు, స్పీకరు. ఇవి కాక ఒక సన్న వైరు ఉంటుంది. సాధారణంగా నీలం మీద తెల్ల చార. దాన్ని రిమోట్ వైరంటారు. సెట్టు ఆన్ చేసినప్పుడు దానిలో 12 వోల్టులు వస్తాయి. "ఇక లే" అని యాంప్లిఫయర్‌ని నిద్రలేపడమే దాని పని.

బజారులో దొరికే సెట్లలో పసుపు వైరు ఎప్పుడూ ఉండే 12 వోల్టులకు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులకు, నలుపు ఎర్త్‌కు. ముందు ఎడమ స్పీకరు తెలుపు, ముందు కుడి బూడిదరంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్ల చార ఉన్నది నెగెటివ్. కంపెనీ నుంచి కారులోనే వచ్చే వైర్లు మాత్రం ఈ రంగులను పాటించాలని లేదు. అందుచేత రంగును నమ్మకండి, మీటరును నమ్మండి.

చెయ్యి పెట్టేముందు ఒక హెచ్చరిక. స్టీరింగు దగ్గరా డాష్‌బోర్డు కిందా పసుపు తొడుగులో ఉండే తీగలు, పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి కావచ్చు. వాటిలో మీటరు గుచ్చకూడదు. విద్యుత్ కార్లలో నారింజరంగు కేబుళ్ళు వందల వోల్టులవి. వాటి జోలికి పోవద్దు. వైర్లు విప్పేటప్పుడు బ్యాటరీ నెగెటివ్‌ను ముందు విప్పండి, చివర బిగించండి. చేతి ఉంగరం, లోహపు గొలుసు వాచీ తీసి పక్కన పెట్టండి.

యాంప్లిఫయర్ లేవకపోతే

దీపం వెలగదు, శబ్దం లేదు. చూడవలసినవి మూడే. యాంప్లిఫయర్ మీద పాజిటివ్ బిగించిన చోట, రిమోట్ బిగించిన చోట 12 వోల్టులు ఉన్నాయా? ఎర్త్ గట్టిగా ఉందా? మీటరు నల్ల కడ్డీని యాంప్లిఫయర్ ఎర్త్ మరమేకు మీదే పెట్టి, ఎర్ర కడ్డీతో మొదటి రెండూ చూడండి. పాజిటివ్ లేకపోతే ఫ్యూజు చూడాలి. రిమోట్ లేకపోతే తప్పు సెట్టు వైపు ఉంది. రెండు చోట్లా ఏమీ చూపకపోతే నల్ల కడ్డీని తీసి కారు బాడీలో శుభ్రమైన ఇనుము మీద పెట్టండి. అప్పుడు 12 చూపిస్తే ఎర్త్ తెగిందన్నమాట.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు, మీటరు అంతా బాగుందని చెప్పి, పాట మాత్రం ఆగిపోయే సందర్భంలో వస్తుంది.

మా సహాధ్యాయి ఒకడి ఇంట్లో పాత కారు ఉంది. డిక్కీలో యాంప్లిఫయర్, సబ్ వూఫర్. మెల్లగా పెడితే పాడుతుంది. కాస్త పెంచి, డప్పు దరువు పడిందంటే ఠక్కున ఆగిపోతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. చూపించిన చోట కొత్త యాంప్లిఫయర్ కొనమన్నారు. పాట లేనప్పుడు మీటరు పెడితే 12.4 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. అందుకే అందరూ పెట్టెనే అనుమానించారు.

ఇక్కడే ఓమ్ సూత్రం అక్కరకు వస్తుంది. కరెంటు ప్రవహించనప్పుడు ఎంత చెడ్డ జాయింటైనా ఓల్టేజిని తినదు. నిరోధం ఎంతైనా సున్నాతో గుణిస్తే సున్నాయే గదా! కాబట్టి పాడుతున్నప్పుడే కొలవాలి. ఫోనులో 50 హెర్ట్జ్ స్థిర స్వరం పెట్టి, మీటరు ఒక కడ్డీని బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని పొడుగాటి వైరుతో యాంప్లిఫయర్ పాజిటివ్ మీద పెట్టాం. 0.3 వోల్టు చూపింది. ఆ దారిలో అంతే పోతోందన్నమాట. ఫరవాలేదు. తర్వాత బ్యాటరీ నెగెటివ్‌కూ యాంప్లిఫయర్ ఎర్త్‌కూ మధ్య పెట్టాం. 2.6 వోల్టులు! 12.4లో ఆ రెండూ తీసేస్తే యాంప్లిఫయర్‌కు మిగిలేది 9.5. ఆ స్థాయిలో చాలా యాంప్లిఫయర్లు తమను తామే ఆపుకుంటాయి.

ఎర్త్ మరమేకు విప్పి చూస్తే దాని కింద రంగు అలాగే ఉంది. పెయింటు మీద బిగించారు! రంగు కరెంటును పోనివ్వదు. మర చుట్ల అంచుల్లోంచి దూరినంత కరెంటే దూరుతోంది. యాంప్లిఫయర్ 25 ఆంపియర్లు లాగుతోందనుకుంటే ఆ జాయింటు నిరోధం 0.1 ఓము మాత్రమే. మామూలు మీటరు తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. అందుకే ఓముల మీటరుతో ఈ లోపం దొరకదు. కాని ఆ 0.1 ఓములో 65 వాట్ల వేడి పుడుతోంది. ఒక్క మరమేకు మీద 65 వాట్లు! ముట్టుకుంటే చుర్రుమంది. ఉప్పుకాగితంతో రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గు పెట్టి బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాశాం. 2.6 వోల్టులు 0.1కి దిగింది. ఖర్చు ఒక ఉప్పుకాగితం ముక్క.

అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ ముందు ఎర్త్ చూసేది ఇందుకే. వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాలి. వెళ్ళే దారికి లావు వైరు వేసి, వచ్చే దారికి సన్న వైరు వేయడం వల్ల ప్రయోజనం లేదు.

వైరు లావు సంగతి కూడా లెక్కకు అందేదే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరు పొడవుకు సుమారు 4.3 మిల్లీఓములు. బానెట్ నుంచి డిక్కీకి 5 మీటర్లనుకుంటే, 30 ఆంపియర్ల దగ్గర 0.65 వోల్టు వైరులోనే పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే 0.16 మాత్రమే. బజారులో చవకగా దొరికే వైర్లలో కొన్ని రాగిపూత పూసిన అల్యూమినియంవి. చూడడానికి రాగిలాగే ఉంటాయి. వాటి నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కొనేటప్పుడు చివర కత్తిరించి లోపల తెల్లగా ఉందేమో చూసుకోవాలి.

ప్రొటెక్ట్ దీపం వెలిగితే

చాలా యాంప్లిఫయర్ల మీద ప్రొటెక్ట్ అనే ఎర్ర దీపం ఉంటుంది. అది వెలిగిందంటే "నాకు ప్రమాదం ఉంది, పని చెయ్యను" అని అర్థం. దాన్ని చూసి పెట్టె పోయిందనుకోవడం తొందరపాటు. సెట్టు ఆపి, స్పీకరు వైర్లన్నీ, ఆర్‌సీఏ తీగలూ పీకేయండి. పాజిటివ్, ఎర్త్, రిమోట్ మూడే ఉంచి ఆన్ చెయ్యండి. ఎర్ర దీపం అప్పటికీ వెలుగుతూ, ఓల్టేజి సరిగా ఉంటే జబ్బు పెట్టె లోపలే ఉంది. ఆరిపోతే పెట్టె క్షేమం. ఇక స్పీకర్లను ఒక్కొక్కటే తగిలించండి. ఏది తగిలిస్తే దీపం వెలిగిందో అదే నేరస్థుడు.

ఆ నేరం సాధారణంగా రెండు రకాలు. మొదటిది, స్పీకరు వైరు ఎక్కడో ఒరుసుకుని కారు బాడీకి తగలడం. కొన్ని పాత రేడియోల్లో స్పీకరు ఒక వైరును బాడీకే బిగించేవారు. ఇప్పటి సెట్లలో అది కుదరదు. స్పీకరుకు వెళ్ళే రెండు వైర్లనూ సెట్టు చెరోవైపు నుంచి నడుపుతుంది. బాడీతో పోలిస్తే రెండింటిలోనూ ఓల్టేజి ఉంటుంది. నెగెటివ్ గదా అని బాడీకి తగిలిస్తే షార్టు చేసినట్టే. పీకిన వైర్లను ఒక్కొక్కటీ బాడీతో ఓముల మీటరు మీద చూడండి. ఏ వైరుకూ బాడీతో సంబంధం ఉండకూడదు.

రెండోది, ఓములు మరీ తగ్గడం. రెండు 4 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 2 ఓములు, శ్రేణిలో కలిపితే 8. రెండు చానళ్ళను కలిపి బ్రిడ్జి చేసినప్పుడు ఒక్కో చానలుకు స్పీకరు నిరోధంలో సగమే కనబడుతుంది. అంటే బ్రిడ్జికి 2 ఓముల సబ్ వూఫర్ కట్టితే ఒక్కో చానలు మోసేది 1 ఓము. 2 ఓములు మాత్రమే మోయగల పెట్టె దీన్ని కాసేపు భరించి, వేడెక్కి ఆగుతుంది. చల్లారాక మళ్ళీ పాడుతుంది. "అరగంటకోసారి ఆగిపోతోంది" అన్న జబ్బుకు మూలం చాలాసార్లు ఇదే.

ఒక స్పీకరు మూగబోతే

ఇక్కడ వాడవలసింది తారుమారు పద్ధతి. సెట్టు ఆపి, యాంప్లిఫయర్ దగ్గర ఎడమ కుడి ఆర్‌సీఏ తీగలను మార్చి పెట్టండి. మౌనం రెండో స్పీకరుకు మారితే తప్పు యాంప్లిఫయర్‌కు ముందు ఉంది, అంటే తీగలోనో సెట్టులోనో. మారకపోతే యాంప్లిఫయర్ మొదలు స్పీకరు దాకా ఎక్కడో ఉంది. ఇప్పుడు స్పీకరు వైర్లను రెండో చానలుకు మార్చండి. మూగ స్పీకరు పాడితే యాంప్లిఫయర్ చానలు పోయింది. పాడకపోతే వైరో స్పీకరో. రెండు మార్పులతో దారిలో ఎక్కడ తెగిందో తేలిపోయింది!

స్పీకరు వైర్లు విప్పి ఓములు కొలిస్తే 4 ఓములది 3.2 నుంచి 3.6 దాకా చూపుతుంది. అది లోపం కాదు. మీటరు చూసేది కాయిల్ తీగ నిరోధం మాత్రమే. అసలు ఏమీ చూపకపోతే కాయిల్ కాలింది, లేదా వైరు తెగింది. తలుపులోని స్పీకరైతే తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో చూడండి. రోజుకు పదిసార్లు తలుపు తెరిచి మూస్తుంటే పైతొడుగు బాగానే ఉండి లోపలి రాగిపోగులు విరిగిపోతాయి.

బేస్ పలచగా ఉంటే

అన్ని స్పీకర్లూ పాడుతున్నాయి, కాని దరువులో బలం లేదు. అప్పుడు బ్యాలెన్సును ఒక పక్కకు తిప్పి వినండి. మధ్యలో ఉన్నప్పటికంటే ఒక పక్కన ఉన్నప్పుడే బేస్ నిండుగా వినిపిస్తే ఒక స్పీకరు తిరగబడి ఉన్నదన్నమాట. పాజిటివ్, నెగెటివ్ మారాయి. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కు లాగుతోంది. ఒక బండికి రెండు ఎడ్లను ఎదురెదురుగా కట్టినట్టు! యాంప్లిఫయర్ దగ్గర స్పీకరు వైర్లు విప్పి, 1.5 వోల్టుల టార్చి సెల్లును క్షణం తాకించండి. సెల్లు పాజిటివ్, స్పీకరు పాజిటివ్ కలిస్తే కోను బయటికి ఉబకాలి. లోపలికి పోతే వైరు మారింది. ఈ పరీక్ష పెద్ద స్పీకర్లకే. సన్న స్వరాల ట్వీటర్లకు చెయ్యవద్దు.

కూయ్‌మనే శబ్దం

ఇంజను వేగంతోపాటు పెరిగే కూత ఆల్టర్నేటరుది. ఈ బాధ కొత్తది కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మిన నాటికే ఇంజను స్పార్కు ప్లగ్గుల గోలను అణచడం పెద్ద సమస్య. ఇప్పటి కూతకు ముఖ్యకారణం సెట్టు ఎర్త్ ఒకచోట, యాంప్లిఫయర్ ఎర్త్ మరొకచోట ఉండి, ఆ రెంటి మధ్య కొద్దిపాటి ఓల్టేజి తేడా రావడం. ఆ తేడా ఆర్‌సీఏ తీగ తొడుగు గుండా దారి చేసుకుని, పాటతో కలిసి పెద్దదవుతుంది. ముందు ఆర్‌సీఏ తీగలు పీకండి. కూత ఆగితే తప్పు ముందువైపుది. తర్వాత ఎర్త్ జాయింటు శుభ్రం చెయ్యండి. పవరు వైరు కారుకు ఒక పక్కన, ఆర్‌సీఏ రెండో పక్కన పోనివ్వండి. ఫిల్టరు కొనడం ఆఖరి మాట.

ఫ్యూజు ఎవరి కోసం?

ఇంతవరకు చెప్పినవి పాటకు సంబంధించినవి. ఇది ప్రాణానికి సంబంధించినది.

యాంప్లిఫయర్‌కే ఫ్యూజు ఉంది గదా, బ్యాటరీ దగ్గర మరొకటి ఎందుకని చాలామంది అడుగుతారు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. బానెట్ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల వైరు ఇనుప రేకుల మధ్య, సీట్ల కింద, కార్పెట్ కింద పోతుంది. ఎక్కడో రేకు అంచు కోసి బాడీకి తగిలిందనుకోండి. కరెంటు యాంప్లిఫయర్ దాకా వెళ్ళదు, దాని ఫ్యూజుకు ఏమీ తెలియదు. స్టార్టరు మోటారును తిప్పగల బ్యాటరీకి వందల ఆంపియర్లు ఇవ్వడం చిటికెలో పని. ఇందాకటి 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో 200 ఆంపియర్లు పోతే పుట్టే వేడి 860 వాట్లు. కార్పెట్ కింద ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టే! అందుకే ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర దూరం లోపలే ఉండాలి. దాని అంకె ఆ వైరు మోయగలిగినదాన్ని మించకూడదు. వైరు రేకులో దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి.

ఫ్యూజు పోయిందంటే అది తన పని చేసిందన్నమాట. ఎందుకు పోయిందో కనుక్కోకుండా పెద్దది వెయ్యడం, సిగరెట్టు రేకు చుట్టడం, వైరు ముక్క పెట్టడం జ్వరం వచ్చినవాడి నోట్లో థర్మామీటరు పగలగొట్టడం లాంటిది. జ్వరం అలాగే ఉంటుంది, తెలిసే దారి పోతుంది. కారు మనది కావచ్చు. వెనక సీట్లో కూర్చునేది అమ్మా నాన్నా, చిన్న పిల్లలూ.

చివరగా

పైన చెప్పిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే సూత్రం ఒక్కటే కనబడుతుంది. దారిని రెండు ముక్కలు చెయ్యి. ఏ ముక్కలో తప్పు ఉందో తేల్చుకో. ఆ ముక్కను మళ్ళీ రెండు చెయ్యి. ఒకసారికి ఒకే మార్పు చెయ్యి. పని చేస్తున్నప్పుడే కొలువు. కొలవకముందు ఏదీ మార్చకు. డాక్టరు నాడి చూడకుండా మందు రాస్తే మనం ఒప్పుకోం. కారు విషయంలో మాత్రం ఒప్పుకుంటున్నాం.

మన ఫిజిక్సు లాబులో మీటరు బ్రిడ్జి మీద జాకీని జరుపుతూ తెలియని నిరోధాన్ని కనుక్కునే ప్రయోగం ప్రతి ఏడూ జరుగుతూనే ఉంది. రికార్డులో సంతకం పడగానే అది మరుపున పడుతోంది. ఆ బల్లల మీద ఒక బ్యాటరీ, ఒక పాత యాంప్లిఫయర్, కావాలని లోపం పెట్టిన నాలుగు వైర్లు పెట్టి, "ఎక్కడ తప్పుందో పట్టుకోండి" అంటే ఎంత బాగుంటుంది! ఆ రోజు నేర్చుకున్న ఓమ్ సూత్రాన్ని ఏ విద్యార్థీ జన్మలో మరిచిపోడు. అధ్యాపకులు ఆలోచించవలసిందిగా మనవి.